లైనక్స్ ల్యాప్‌టాప్ గురించి అబ్బాయికి

హనుమకొండ

చిరంజీవి కార్తీక్‌కు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ ల్యాప్‌టాప్ భద్రతా నిబంధనలకు సరిపోవడం లేదనీ, నెలాఖరులోగా సరిచేసుకోకపోతే దానిలోంచి విశ్వవిద్యాలయపు మెయిలు గానీ పరిశోధన ఫైళ్లు గానీ తెరవనివ్వమనీ మీ ఐటీ విభాగం నోటీసు పంపిందని చెప్పావు. ఫోనులో ఇవన్నీ వివరంగా మాట్లాడుకోవడం కుదరదు కనుక తీరుబడిగా రాస్తున్నాను. ఇన్నేళ్లు కాలేజీలో లైనక్స్ సర్వర్ల బాగోగులు చూసినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

అన్నిటికంటే ముందు, నీ స్నేహితుడు చెప్పిన ఉపాయం జోలికి పోవద్దు. నీ ల్యాప్‌టాప్‌లోని లైనక్స్ రకం ఉబుంటు కదా, దాని వెర్షన్ రాసి ఉండే ఓఎస్-రిలీజ్ అనే ఫైలులో 20.04 అని ఉన్నచోట 24.04 అని మార్చితే తనిఖీ ప్రోగ్రాము నమ్మేస్తుందన్నాడు కదా, నమ్మవచ్చు కూడా; అలాంటి ప్రోగ్రాములు చాలావరకు ఆ ఫైలునే చదువుతాయి, అది అడ్మిన్ హక్కులున్న ఎవరైనా దిద్దగలిగే మామూలు టెక్స్టు ఫైలు. కానీ ఉబుంటు 20.04కు ఉచిత సాధారణ మద్దతు, అంటే భద్రతా సవరణలు రావడం, 2025 మేలోనే ముగిసింది. ఆ తరువాత బయటపడిన లోపాలు నీ యంత్రంలో అలాగే ఉండగా పేరు మాత్రం మార్చి పెట్టడమంటే, ఆస్పత్రిలో తమ జబ్బుల గురించి నిన్ను నమ్మి మాట్లాడిన మనుషుల రికార్డింగులకు కాపలా లేకుండా చేయడమే. ఆ ల్యాప్‌టాప్ నీదే అయినా అందులో ఉన్న మాటలు నీవి కావు.

నిబంధన వెనుక ఏముందో తెలిస్తే నీ చిరాకు కొంత తగ్గుతుంది. బ్రిటన్ ప్రభుత్వం 2014లో ప్రారంభించిన సైబర్ ఎసెన్షియల్స్ అనే ధ్రువీకరణను అక్కడి విశ్వవిద్యాలయాలు చాలా తీసుకుంటాయి. తీవ్రమైన లోపాలకు సవరణ విడుదలైన 14 రోజుల్లోగా దాన్ని వేసుకోవాలనీ, మద్దతు ముగిసిన సాఫ్ట్‌వేర్ ఉండకూడదనీ, బయటి నుంచి నెట్‌వర్క్ ద్వారా చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్ పనిచేస్తూ ఉండాలనీ అది చెబుతుంది. సంస్థ సమాచారాన్ని తెరిచే సొంత ల్యాప్‌టాప్ కూడా దాని పరిధిలోకే వస్తుంది. లైనక్స్ వాడుతున్నావన్న కోపంతో నిన్ను ఎంచి పంపిన నోటీసు కాదు అది.

ఇక డిస్కు సంగతి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) అని కొట్టి చూడు. సిస్టమ్ ఉండే రూట్ విభాగం (/) ఎదురుగా గానీ, అది ఏ వరుస కింద ఉందో ఆ పై వరుసలో గానీ టైప్ గడిలో క్రిప్ట్ అని కనిపించకపోతే డిస్కుకు ఎన్‌క్రిప్షన్, అంటే తాళం లేకుండా చదవలేని రహస్య రూపం, లేనట్టే. లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోకు, డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ దేనికీ అడ్డు రాదు. ఉన్న సిస్టమును అలాగే ఉంచి డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే మార్గం ఉంది గానీ మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ అయిపోయినా ఏమవుతుందో ఊహించుకో, ఎలాగూ 20.04 నుంచి 24.04కు నేరుగా వెళ్లలేవు, మధ్యలో 22.04 మీదుగా వెళ్లాలి. కనుక ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి బ్యాకప్ తీసి (ఆ డిస్కునూ ఎన్‌క్రిప్ట్ చేసే సుమా), 24.04ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తూ అక్కడే ఎన్‌క్రిప్షన్ ఎంచుకోవడం మేలు. దానికి సాధారణ మద్దతు 2029 వరకు ఉంటుంది. ఇన్‌స్టాల్ పూర్తయిన వెంటనే లక్స్ (లైనక్స్ డిస్కు ఎన్‌క్రిప్షన్ పద్ధతి) హెడర్‌కు, అంటే తాళం వివరాలుండే డిస్కు మొదటి భాగానికి, నకలు తీసి మరోచోట దాచు. ఆ హెడర్ పాడైతే పాస్‌ఫ్రేజ్ సరిగ్గా గుర్తున్నా డిస్కు తెరుచుకోదు, ఇది చాలామందికి తెలియదు. ప్రయాణాల్లో ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో ఉంచకుండా పూర్తిగా ఆపెయ్యి, ఎందుకంటే స్లీప్‌లో డిస్కును తెరిచే తాళం మెమరీలోనే ఉంటుంది.

అప్‌డేట్లు వాటంతట అవే వస్తున్నాయని అన్నావు. సగమే నిజం. ఉబుంటు సొంత భద్రతా సవరణలను అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అనే ప్రోగ్రాము తెచ్చి వేస్తుంది, స్నాప్ రూపంలో పెట్టుకున్న ప్రోగ్రాములు తమంతట తామే మారుతాయి. కానీ క్రోమ్, వీఎస్ కోడ్ లాంటివి వాటి సొంత రిపాజిటరీల (ప్యాకేజీలు దించుకునే చోట్ల) నుంచి వస్తాయి కనుక, మనం విడిగా అనుమతించకపోతే అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ వాటిని ముట్టుకోదు. డెబ్ అనే ఇన్‌స్టాల్ ఫైలు దించుకుని పెట్టిన జూమ్, పిప్, కోండా అనే సాధనాలతో పెట్టుకున్న పైథాన్ ప్యాకేజీలు దాని లెక్కలోకే రావు. ఉబుంటులో ఎక్కువగా స్వచ్ఛంద సేవకులు చూసుకునే యూనివర్స్ విభాగంలోని ప్యాకేజీలకు కూడా ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ పూర్తి హామీ ఉబుంటు ప్రో అనే మద్దతు సేవతోనే ఇస్తుంది. వ్యక్తిగతంగా 5 యంత్రాల దాకా అది ఉచితం, తప్పకుండా తీసుకో. ఇంకొకటి, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు సవరణ వచ్చినా రీస్టార్ట్ చేసేదాకా నడిచేది పాత కెర్నలే. మీ ఈడు పిల్లలు నెలల తరబడి మూత మూసి తెరుస్తారే తప్ప మెషీన్ ఆపరు. వారానికి ఒకసారి, ఏదో ఒక రోజు అనుకుని, మిగిలినవన్నీ చేత్తో అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చెయ్యి.

ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ముందే ఉంటుంది గానీ ఆపి ఉంటుంది, మనమే ఎనేబుల్ చేయాలి. ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌ను నువ్వు వాడతావు కనుక జాగ్రత్త: డాకర్ బయటికి తెరిచిన పోర్టులను, అంటే నెట్‌వర్క్ ద్వారాలను, యూఎఫ్‌డబ్ల్యూ అడ్డుకోలేదు. డేటాబేస్ కంటైనర్ నడిపేటప్పుడు పోర్టును లోకల్‌హోస్ట్‌కే, అంటే నీ యంత్రానికి మాత్రమే, కట్టిపడేయి, లేకపోతే హాస్టల్ వైఫైలో ఉన్న ఎవరైనా దాన్ని తట్టవచ్చు. స్క్రీన్ లాక్ పది నిమిషాలకు మించకుండా పెట్టుకో. రోజువారీ పనికి అడ్మిన్ హక్కులు లేని ఖాతా విడిగా ఉండాలి.

యాంటీవైరస్ విషయంలో మాత్రం నువ్వే ఏదో ఒకటి వేసుకుని ఊరుకోవద్దు. లైనక్స్ యంత్రాలకు ఏది సమ్మతమో ఐటీ వాళ్లకు మర్యాదగా రాసి అడుగు, గడువు చాలకపోతే ఆ మాటా అందులోనే రాయి. నిజం చెప్పి వారం రోజులు గడువు అడిగినవాడిని వాళ్లు విసుక్కోరు. అంతవరకు రికార్డింగులను విశ్వవిద్యాలయపు కంప్యూటర్ మీదే తెరువు.

బ్యాకప్ తీశాక అందులోంచి రెండు మూడు రికార్డింగులు నిజంగా వినిపిస్తున్నాయో లేదో చూసి, ఆ తరువాతే పాత డిస్కును చెరుపు. శనివారం మొదలుపెడితే నాకు ముందుగా చెప్పు, ఫోను దగ్గరే ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మ