సైకిల్ దారులు ముందుగా ఎక్కడ కావాలి?

సభ్యులందరికీ నమస్కారం. మన నల్లగొండలో రక్షిత సైకిల్ దారులు ఎక్కడ వేయాలన్న చర్చలో కొందరు ఊరి బయటి వెడల్పాటి రోడ్లను సూచిస్తున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ ట్రాక్ వారి మనసులో ఉండవచ్చు. అటువంటిది ఉదయపు వ్యాయామానికి బాగుంటుంది గానీ, పుస్తకాల సంచీతో బడికి, పాల క్యాన్లతో ఇళ్లకు, తాపీ పనిముట్లతో అడ్డాకు సైకిల్ మీద వెళ్లేవారికి రక్షణ కావలసింది క్లాక్ టవర్ సెంటర్‌లో, పానగల్ రోడ్డులో.

సైకిళ్ల కోసం రోడ్డు మీద గీసే రంగు గీత ఒక్కటీ చాలదని నా అభిప్రాయం. పొద్దెక్కేసరికి దానిమీద ఆటోలు, తోపుడు బండ్లు నిలుస్తాయి (బండ్లవారికీ వేరే చోటు చూపాలి, అది వేరే మాట), సైకిల్ మళ్లీ బస్సుల మధ్యకే వస్తుంది. జానెడెత్తు కాంక్రీటు గట్టు ఉండాలి. వాహనాలు ఎడమకు తిరిగే చౌరస్తాలోనే ప్రమాదం ఎక్కువ కనుక దారి అక్కడికి ముందే తెగిపోకూడదు. మోరీ మీది పలకల మధ్య సందు రోడ్డు పొడవునా ఉంటే సన్నని చక్రం అందులో దిగబడుతుంది, కాబట్టి పలకలను అడ్డంగా పరచమని కూడా అడుగుదాం.

పురపాలక కార్యాలయానికి ఇచ్చే వినతిపత్రంలో చేర్చడానికి, మీకు ఇబ్బందిగా ఉన్న రోడ్డు ముక్కను, వేళను ఆదివారం సాయంత్రంలోగా ఇక్కడ రాయగలరు.