నమూనా పక్కన పెట్టి చూడండి

సంపాదకులకు,

పాస్‌పోర్టు అసలుదో నకిలీదో కంటి అంచనాతో తేల్చకూడదు. అదే దేశం, అదే సిరీస్‌ నమూనాతో పోల్చాలి. కొత్త నమూనాతో పోల్చి, ఇంకా చెల్లుబాటులో ఉన్న పాత సిరీస్‌ పత్రాన్ని నకిలీ అనడం ఘోరమైన తప్పు. యూరోపియన్‌ యూనియన్‌ కౌన్సిల్‌ నడిపే ప్రాడో (PRADO) వెబ్‌సైట్‌లో చాలా దేశాల నమూనాలు ఉచితంగా చూడవచ్చు.

10 రెట్ల భూతద్దంలో అసలు సూక్ష్మాక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్‌ ప్రతిలో రంగు చుక్కలుగా విడిపోతాయి. 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో భద్రతా కాగితం మసకగా ఉంటుంది, మామూలు కాగితం నీలంగా మెరుస్తుంది. అయితే బట్టలతోపాటు ఉతికిన అసలు పాస్‌పోర్టూ సబ్బుపొడి వల్ల మెరుస్తుంది! అందుకే ఈ ఒక్క పరీక్షతో ఎవరినీ దోషిగా నిలబెట్టవద్దు.

పుట్టినతేదీ దిద్దారని అనుమానం వస్తే, ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే వరుసలోని తనిఖీ అంకెనూ సరిచూడండి: ఆ వరుసలోని తేదీ అంకెలను వరుసగా 7, 3, 1తో గుణించి కూడి, 10తో భాగిస్తే వచ్చే శేషమే అది.

— పత్ర పరిశీలకులు