పులిహోర సరే, దుప్పటి ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం,

ధనుర్మాసం మొదలైందంటే తిరుపతిలో దానధర్మాలకు కొదవుండదు. క్రిస్మస్, కొత్త సంవత్సరం, వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి అన్నీ వరసగా వచ్చిపడతాయి, ఇచ్చేవాళ్లూ అలాగే కదులుతారు. చిక్కల్లా ఏంటంటే అందరూ ఇచ్చేది పులిహోర పొట్లమే, అదీ ఒకే పూట, అవే నాలుగు వీధుల్లో. పోయిన ఏకాదశికి బస్టాండు దగ్గర ఒక ముసలామె ఒళ్లో అప్పటికే ఐదారు పొట్లాలున్నాయి, ఇంకొకాయన వచ్చి మరొకటి పెడుతూ ఫోటోలో పడాలని ఆమె చెయ్యి కాస్త పైకెత్తమన్నాడు (ఈ ఫోటోల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి). సాయంత్రానికి మిగిలిన పొట్లాలు కవర్లతో సహా ఆవులు తింటున్నాయి.

నిజానికి అన్నం విషయంలో మన ఊరికున్న ఏర్పాటు చాలా ఊళ్లకు లేదు. 1985లో కొండమీద మొదలైన నిత్యాన్నదానం కిందికి కూడా వచ్చింది, రుయా, స్విమ్స్ లాంటి ఆసుపత్రుల్లోనూ అన్నప్రసాదం పెడుతున్నారు. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలు. ఆకలిగా ఉన్నవాళ్లకి అన్నం పెట్టొద్దని ఎవరంటారు? కానీ పిల్లల ఫీజు, చీటీ, ఇంటి అద్దె, అల్లుడికి పండగ బట్టలు అన్నీ పోగా చేతిలో ఐదొందలు మిగిలే మాలాంటి ఇళ్లవాళ్లు ఆ ఐదొందల్ని కూడా పులిహోరలోనే పోయడం ఎందుకని నా బాధ.

ఇక్కడి పెద్దాసుపత్రులకు కడప, మదనపల్లె, చిత్తూరు, నెల్లూరు వైపుల నుంచి జనం వస్తారు. పేషెంటుకు మంచం దొరుకుతుంది, తోడొచ్చిన మనిషికి చెట్టుకిందే చోటు. ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ పరుచుకుని, మిగిలిన కొస మీదికి కప్పుకుని పడుకున్న భార్యాభర్తల్ని నేను చూశాను, కొండ గాలికి ఆ రేకులాంటి గుడ్డ ఏం ఆపుతుంది చెప్పండి. మాటల్లో పెడితే తెలిసింది, వాళ్లు తిండి గురించి ఒక్క మాటా అనలేదు. కావాల్సిందల్లా ఒక దుప్పటి, ఒక బకెట్టు, ఒక మగ్గు, బట్టల సబ్బు. రెండ్రోజుల్లో పంపించేస్తారనుకుని కట్టుబట్టలతో వచ్చారట, వారం దాటిపోయింది.

కాన్పుల వార్డు సంగతి ఇంకా తేలిక, దానికి డబ్బే అక్కర్లేదు. భోగికి ముందు అందరం బీరువాలు సర్దుతాం కదా, మెత్తబడిన పాత నూలు చీరలు ఉతికి, ఎండలో ఆరేసి, చించి మడతపెడితే పొత్తిగుడ్డలకు అంతకన్నా మంచివి లేవు. తీసుకుంటారో లేదో ముందు సిస్టర్‌ని ఒక మాట అడిగి ఇవ్వాలి, చిరిగిన జాకెట్లూ జిప్పుపోయిన ప్యాంట్లూ మూటగట్టి వార్డు గుమ్మంలో పడేసి పోవడాన్ని మాత్రం దానం అనకండి, అది మన ఇంటి చెత్త వాళ్ల నెత్తిన వేయడం.

రక్తం మాట కూడా చెప్పాలి. ఇది యూనివర్సిటీ ఊరు, శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లోనే పెడతారు, సంక్రాంతి సెలవులకు పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు. ప్రమాదాలు పండగని ఆగవు, తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, ప్లేట్‌లెట్లు తీశాక ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. ఆరోగ్యంగా ఉండి, 45 కిలోలకు తగ్గకుండా ఉన్న 18 నుంచి 65 ఏళ్లవాళ్లు ఇవ్వొచ్చు, మగవాళ్లకు మూడు నెలల, ఆడవాళ్లకు నాలుగు నెలల ఎడం ఉంటే చాలు. జేబులో నూరు రూపాయలు లేనివాడు కూడా ఇది ఇవ్వగలడు.

ఇప్పుడు అసలు అడగాలనుకున్నది. ఎక్కడ ఏం కావాలో మాకెలా తెలుస్తుంది? తెలియకే అందరం పులిహోర కలుపుతున్నాం. ప్రభుత్వ ఆసుపత్రులు, హాస్టళ్లు, వృద్ధాశ్రమాలు గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టి "ఈ వారం దుప్పట్లు కావాలి, అన్నం వద్దు" అని సుద్దముక్కతో రాస్తే ఏం ఖర్చవుతుంది? కలెక్టర్ గారు ఒక్క మాట చెబితే జరిగే పని. తీసుకున్నది రాసుకోవడానికి ఒక పుస్తకం కూడా ఉంటే, ఇచ్చింది ఎవరి ఇంటికి పోయిందోనన్న అనుమానం ఉండదు, వాట్సాప్‌లో తిరిగే ముక్కూమొహం తెలియని క్యూఆర్ కోడ్‌లకు డబ్బు కొట్టే అగత్యమూ ఉండదు.

మీవంతుగా కూడా ఒక పని చేయండి. జిల్లా పేజీలో రోజూ కరెంటు ఉండని ప్రాంతాల పేర్లు వేస్తారు కదా, దాని పక్కనే ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాటిన వారం దాకా ఆ బోర్డుల మీద ఉన్నది నాలుగు లైన్లలో వేయండి. పండగ దాటాక అని ఎందుకంటున్నానంటే, కనుమ మర్నాటి నుంచి ఆ ఆసుపత్రుల వైపు ఎవరూ చూడరు, చలి మాత్రం ఇంకా ఉంటుంది. మా వీధిలో నాలుగిళ్లవాళ్లం తలా రెండొందలు వేసుకుని గాంధీరోడ్డులో హోల్‌సేల్‌లో కొందామనుకుంటున్నాం, దుప్పట్లు కొనాలో బకెట్లు కొనాలో మీ పేపరు చూసి తేల్చుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి