మా ఇంటి ఆల్బమ్‌కి చెయ్యేసినవాళ్లకి

మొదటి ఆల్బమ్ బయటికొచ్చింది. ఎనిమిది పాటలూ సికింద్రాబాద్‌లో మా అద్దె ఇంటి ముందుగదిలో రికార్డు చేసినవే. ఊరికే థాంక్స్ చెప్పి వదిలేస్తే ఏం బాగుంటుంది? ఎవరు ఏ చిక్కు విప్పారో రాస్తున్నాం. ఇంట్లో పాటలు చేద్దామనుకునేవాళ్లకీ పనికొస్తుంది.

ముందుగా కార్పెంటర్ అన్నకి. గది వెడల్పు 10 అడుగులు, పొడవు 12, ఎత్తు మళ్లీ 10. వెడల్పూ ఎత్తూ ఒకటే అయితే గది రెండువైపులా ఒకే ఫ్రీక్వెన్సీని పట్టుకుని మోగిస్తుంది. 10 అడుగులకి అది 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. బేస్ గిటార్ ‘ఎ’ తీగ వదిలి మీటితే 55. ఇంకేముంది, ఆ స్వరం ఒక్కటే గదంతా ఊపేస్తుంది, పక్క స్వరాలు పలచబడిపోతాయి. దీనికి కోడిగుడ్ల అట్టలు అతికించమనేవాళ్ల మాట వినకండి. బేస్ లాంటి లోతైన ధ్వనిని అవి ఏమీ చెయ్యలేవు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. అన్న 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవున్న చెక్క ఫ్రేములు కట్టి, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసే ఉన్ని, ధ్వనిని పీల్చుకుంటుంది) నింపాడు. పక్క గోడలకి 2 అంగుళాల మందం, మూలలకి 4 అంగుళాలు, వెనక కాస్త ఖాళీ. చేతులకి గ్లౌజులు, ముఖానికి మాస్కు లేకుండా ఆ ఉన్ని ముట్టుకోవద్దు, దురద పెడుతుంది. పైన చుట్టే బట్టకి నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, రెక్సిన్ పనికిరాదు. ఇంత చేసినా 56 దగ్గర గోల పూర్తిగా పోదు, తగ్గుతుంది. అందుకే బేస్‌ని మైకు పెట్టకుండా నేరుగా ఇంటర్‌ఫేస్‌కి (వాద్యాల్ని, మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కలిపి రికార్డు చేయడం మేలు.

ఎలక్ట్రీషియన్ బాబాయి లేకపోతే గిటార్లన్నీ జుయ్‌మంటూనే ఉండేవి. మోత ఎక్కడినుంచి వస్తోందో ఆయన పట్టే పద్ధతి ఇది: ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగిపోతే చార్జర్‌దే. ఫ్యాన్ స్పీడు మారిస్తే మోత స్వభావం మారితే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ది. కెపాసిటర్ ఉన్న స్టెప్ రెగ్యులేటర్ వేస్తే పోతుంది. సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెడితే రెండు మూడు వోల్టులు దాటకూడదు. పరికరాలన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండాలి. ఎర్త్ పిన్ను తీసేస్తే నిశ్శబ్దం వస్తుందని ఎవరన్నా చెబితే మాత్రం చెయ్యకండి. మైకు ముందు నిలబడి గిటార్ పట్టుకున్న మనిషికి షాక్ కొట్టేది అక్కడే.

వరంగల్ వైపు నుంచి వచ్చిన డప్పు అన్నకి ఎంత చెప్పినా తక్కువే. మూడు పాటలకి ప్రాణం ఆయన చేతుల్లోంచి వచ్చింది. డప్పుని కాచితే తోలు బిగిసి స్వరం పైకి లేస్తుంది, చల్లారేకొద్దీ దిగుతుంది. వానాకాలం తేమలో ఇంకా తొందరగా. పల్లవి ఒక ఎత్తులో, చివరి చరణం ఇంకో ఎత్తులో ఉంటే తర్వాత కోసి అతికించడం అయ్యే పని కాదు. అందుకని కాచిన ప్రతిసారీ పాటలో ఒకే భాగం వాయించాలి. అదీ కాచిన వెంటనే కాదు, ఆ కీచుతనం తగ్గి స్వరం నిలదొక్కుకున్నాక. బాగున్న దెబ్బ ఒకటి ఫోన్‌లో పట్టుకుని ఉంచుకుంటే మళ్లీ కాచినప్పుడు దాంతో సరిచూసుకోవచ్చు. డప్పు ముందువైపు ఎస్‌ఎం57 మైకుని అడుగున్నర దూరంలో, నడిమికి కాకుండా అంచు వైపు వాల్చి పెట్టాలి. సిర్ర (లావు కర్ర) దెబ్బలో బరువుంటుంది, సిటికెన పుల్లలో (సన్న పుల్ల) చురుకుంటుంది. మైకుని పుల్ల వైపు మరీ జరిపితే టకటక ఒక్కటే మిగులుతుంది. వెనక ఇంకో మైకు పెడితే గుమ్మనే లోతు వస్తుంది. కానీ తోలు ముందు మైకుకి దూరమైనప్పుడు వెనక మైకు మీదికి వస్తుంది కదా, రెండు తరంగాలూ తలకిందులుగా పడతాయి. అలాగే కలిపితే ఆ లోతే మాయం. వెనక ట్రాక్ పొలారిటీ తిప్పండి (అంటే ఆ తరంగాన్ని తలకిందులు చెయ్యండి), తిరిగొస్తుంది. గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే నాబ్) ఎక్కువ పెంచొద్దు, గట్టి దెబ్బ మీటర్‌లో మైనస్ 10 డీబీ దగ్గర ఆగితే చాలు.

గొంతుల రికార్డింగ్ చూసుకున్న అక్కకి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఒకే పంక్తిని రెండుసార్లు పాడి కలిపినప్పుడు ‘వస్తావా’ చివరి దీర్ఘం ఒకటి ముందు, ఒకటి వెనక ఆగి అసహ్యంగా వినిపిస్తుంది. రెండో గొంతు దీర్ఘాన్ని కాస్త ముందే మెల్లగా తగ్గించెయ్యమంది అక్క. ‘చుక్క’, ‘పట్టు’ లాంటి ద్విత్వాల మధ్య చిన్న నిశ్శబ్దం ఉంటుంది. గట్టి ధ్వనిని నొక్కే కంప్రెసర్ దాన్ని మళ్లీ వదిలే సమయం (రిలీజ్) మరీ తక్కువైతే గదిలో చప్పుడంతా ఆ సందులోకి ఉబికి వస్తుంది. 150 నుంచి 200 మిల్లీసెకన్ల మధ్య పెడితే కుదురుతుంది.

డల్లాస్ నుంచి కోరస్ పాడి పంపిన చెల్లెమ్మకి కూడా. దూరం నుంచి ఫైళ్లు వచ్చేటప్పుడు శాంపుల్ రేటు (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలిచి దాస్తారన్నది) ముందే మాట్లాడుకోవాలి. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలుని 48 ప్రాజెక్టులో మార్చకుండా పడేస్తే మూడు నిమిషాల పాట పదిహేను సెకన్లు ముందే అయిపోతుంది, శ్రుతి కూడా ఒకటిన్నర సెమిటోన్ ఎక్కుతుంది.

మాస్టరింగ్ (పాటకి చివరి మెరుగు) చేసిన అన్న ఫీజు సగమే తీసుకుని, పాఠం మాత్రం పూర్తిగా చెప్పాడు. మిక్స్ మీద లిమిటర్ (ధ్వని ఒక హద్దు దాటకుండా ఆపేది) తీసేసి, పీకులు (అన్నిటికన్నా గట్టి చోట్లు) మైనస్ 6 డీబీ దగ్గర ఉంచి, 24 బిట్ వేవ్ ఫైలు ఇవ్వాలి. స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) సర్దుతుంది. మైనస్ 8 దాకా నొక్కి పంపితే 6 డీబీ దించేస్తుంది. గట్టిగా వినబడదు సరికదా, డప్పు దెబ్బ చదునైపోవడం ఒక్కటే మిగులుతుంది.

రెండు పాటల సాహిత్యం రాసిచ్చిన మాస్టారి విషయంలో దారి చూపిన లాయర్ అక్కకి నమస్కారం. ఎవరికెంత వాటా అన్నది మొత్తం 100 శాతం వచ్చేలా కాగితం మీద రాసి, విడుదలకి ముందే సంతకాలు పెట్టించింది. పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) ఎవరికి వారు సభ్యులుగా చేరాలి, బ్యాండ్‌లో ఒకరు చేరితే సరిపోదు.

కింది పోర్షన్ ఆంటీ రికార్డింగ్ ఉన్న రోజుల్లో మిక్సీ తొమ్మిదిలోపే ముగించారు, మోటారు కూడా అప్పుడే వేయించారు. అందరి పేర్లూ ఆల్బమ్ క్రెడిట్లలో ఉన్నాయి. ఎవరి పేరు స్పెల్లింగ్ తప్పున్నా ఈ వారంలోనే చెప్పండి. డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని యాప్‌లకి పంపే సంస్థ) దగ్గర మార్చినా అన్ని యాప్‌లలో కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది.