రాజూ, నీ నోటీసు బుక్కు సంగతి

ఒరేయ్ రాజూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మా పిల్లలూ బాగున్నారా? మొన్న నీ ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి మనసేం బాలేదు. పాయిఖానా గొట్టం తీసుకొచ్చి సైడు కాలవలో కలిపేసిన ఇంటాయనకి నోటీసు ఇస్తే నిన్నే నానా మాటలూ అన్నాడనీ, పైగా ఎవరితోనో పైనుంచి ఫోన్ చేయించాడనీ, ఈ శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం నాకెందుకురా అనీ అన్నావు కదా. అప్పుడే జవాబు చెప్దామనుకున్నా, ఆఫీసులో ఉండి కుదర్లేదు. ఇవాళ ఆదివారం, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పొడుగైపోతుంది, టీ పెట్టుకుని చదువు.

నువ్వా మాట అన్నాక నిన్న పొద్దున నేను బయల్దేరి లండన్‌లో సోహో అనే పేటకి వెళ్లొచ్చా. అక్కడ బ్రాడ్‌విక్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది, పాతరోజుల్లో బ్రాడ్ స్ట్రీట్ అనేవాళ్లు. వీధిలో ఒక నల్ల పంపు నిలబెట్టారు, మన ఊరి బోరింగులాంటిదే అనుకో, కాకపోతే దానికి కొట్టే చెయ్యి ఉండదు. కావాలనే లేకుండా పెట్టారు. ఎందుకో తర్వాత చెప్తా, ముందు నీ ఉద్యోగం ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

నీ ఉద్యోగానికి ఇక్కడ చట్టంలో మొదట ఉన్న పేరు ఇన్‌స్పెక్టర్ ఆఫ్ న్యూసెన్సెస్. మన దగ్గర న్యూసెన్స్ కేసు అంటే తాగి రోడ్డు మీద గొడవ చేసినోడి మీద పెట్టేది అనుకుంటాం కదా, వీళ్ల 1875 పబ్లిక్ హెల్త్ యాక్ట్ తీసి 91వ సెక్షన్ చూస్తే న్యూసెన్స్ అంటే పొంగుతున్న మరుగుదొడ్డి గొయ్యి, కుళ్లిన కాలవ, వీధిలో పేరుకున్న పెంట, జనం ఆరోగ్యం చెడేలా కట్టేసిన పశువులు, మనుషుల్ని కుక్కేసిన ఇల్లు. అచ్చం నీ రోజువారీ రౌండ్లు రా! అలాంటిది కనబడితే ఇంటాయనకి నోటీసు ఇవ్వాలి, గడువు పెట్టాలి, వినకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇది ఒక్క రోజులో రాలేదు. 1842లో ఎడ్విన్ చాడ్విక్ అనే ఆయన పేదల బతుకుల మీద ఒక పెద్ద రిపోర్టు ఇచ్చాడు, అందులో ఒక లెక్క చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయా. చనిపోయినవాళ్ల సగటు వయసు మాంచెస్టర్‌లో కూలీల కుటుంబాల్లో 17, పెద్దింటివాళ్లలో 38. రట్లాండ్ అనే పల్లెటూరి జిల్లాలో పొలం కూలీలకే 38. అంటే మాంచెస్టర్‌లో దొరగా పుట్టినా పల్లెలో కూలీగా పుట్టినా ఒకటే ఆయుష్షు. 17 అంటే అందరూ ఆ వయసుకే పోయారని కాదు, ఉయ్యాల్లో పిల్లలు అన్నేసి మంది పోతుంటే సగటు అక్కడికి దిగజారిపోయింది, అదీ లెక్క.

సరే 1848లో మొదటి పబ్లిక్ హెల్త్ యాక్ట్ వచ్చింది. ఇక్కడే అసలు కిటుకు ఉందిరా, జాగ్రత్తగా చదువు. ఊళ్లో పన్ను కట్టేవాళ్లలో పదో వంతు మంది అర్జీ పెడితే హెల్త్ బోర్డు పెట్టుకోవచ్చు. ఊరి మీదికి బలవంతంగా రావాలంటే ఏడేళ్ల సగటున ఏటా వెయ్యికి 23 మంది కన్నా ఎక్కువ చచ్చిపోతూ ఉండాలి. ఆ చట్టం లండన్‌కి అసలు వర్తించదు. అంటే దాదాపు అంతా "చెయ్యొచ్చు" చట్టం, "చెయ్యాలి" చట్టం కాదు. మన భాషలో అయితే క్రియ తోక ఒక్కటి మారితే చాలు, వీళ్లకి ఆ తోక మారడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది, ఈలోపు ఎన్ని వేలమంది పోయారో. అడ్డుపడింది ఎవరనుకున్నావ్, నిన్ను తిట్టినాయన లాంటివాళ్లే. నా ఇల్లు నా ఇష్టం, నా డబ్బుతో పక్కవాడికి కాలవ కట్టడమేంటి, లండన్ ఆఫీసువాళ్లు మా ఊరికొచ్చి పెత్తనం చేయడమేంటి అని. ఆ లండన్ హెల్త్ ఆఫీసులో ఉన్న చాడ్విక్‌ని 1854లో ఇంటికి పంపించేశారు కూడా.

చాడ్విక్ కూడా ఒక పెద్ద తప్పు చేశాడు, అది దాచడం న్యాయం కాదు. రోగం వాసన వల్లే వస్తుందని గట్టిగా నమ్మాడు. అందుకని ఇళ్ల కింద గోతుల్లో ఉన్న మలమంతా కాలవల్లోకి తోయించారు, అదంతా థేమ్స్ నదిలో పడింది, ఆ నదిలోంచే కంపెనీలు తాగే నీళ్లు తోడి అమ్ముతున్నాయి! 1848, 49లలో వచ్చిన కలరాకి లండన్‌లోనే సుమారు 14 వేలమంది పోయారు. మా అమ్మమ్మ కలరాని మరిడి అనేది గుర్తుందా, తెలంగాణ వైపు గత్తర అంటారు. ఆ పేరు చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించి చెప్పేది.

ఇప్పుడు ఆ చెయ్యి లేని పంపు కథ. చాడ్విక్‌ని పంపించేసిన ఏడాదే, ఆగస్టు 31 రాత్రి, సోహోలో కలరా ఒక్కసారిగా విరుచుకుపడింది. పది రోజుల్లో ఆ నాలుగు వీధుల్లో ఐదొందలమందికి పైగా పోయారు. జాన్ స్నో అని ఒక డాక్టరు, ఆ పేట పక్కనే ఉండేవాడు, రోగం వాసనలో కాదు నీళ్లలో ఉందని ముందునుంచీ చెప్తున్నాడు, ఎవరూ వినట్లేదు. ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ నీళ్లు తాగారో అడిగాడు. పక్కనే ఉన్న బీరు ఫ్యాక్టరీలో 70 మంది పనివాళ్లలో ఒక్కరూ పోలేదు, వాళ్లు బీరు తాగేవాళ్లు, సొంత బావి కూడా ఉంది. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక ముసలావిడ పోయింది, ఆరా తీస్తే ఆవిడకి ఈ పంపు నీళ్ల రుచి ఇష్టమై రోజూ బండిలో తెప్పించుకునేదంట. సెప్టెంబర్ 7 రాత్రి వెళ్లి పేట పెద్దలకి చెప్తే, వాళ్లకి పూర్తి నమ్మకం లేకపోయినా, మర్నాడు పంపు చెయ్యి ఊడదీయించారు.

తర్వాత హెన్రీ వైట్‌హెడ్ అనే ఆ పేట పాస్టరు, మొదట్లో స్నో మాట తప్పని నిరూపిద్దామనే దిగినాయన, చావుల రిజిస్టరు తిరగేస్తుంటే 40వ నంబరు ఇంట్లో ఒక నెలల పాప విరేచనాలతో పోయినట్టు కనబడింది. ఆ తల్లిని వెళ్లి అడిగాడు. పాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందు గోతిలో పోశానని ఆవిడ చెప్పింది. తవ్వి చూస్తే గొయ్యి గోడ ఇటుకలు కుళ్లిపోయి ఉన్నాయి, ఆ గోతికీ పంపు బావికీ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. రాజూ, ఆ తల్లి తప్పేముంది చెప్పు, గొయ్యి ఇటుకలు చూడాల్సిన మనిషి అనేవాడే ఆ వీధికి లేడు.

ఇంకోటి విను. పంపు చెయ్యి తీసే నాటికే కలరా తగ్గుముఖం పట్టింది, సగం జనం పేట వదిలి పారిపోయారు, కాబట్టి చెయ్యి తీయడం వల్ల ఒరిగిందేం లేదు అనేవాళ్లున్నారు. కానీ ఆ చెయ్యి తీసిన రోజే, సెప్టెంబర్ 8నే, ఆ పాప తండ్రికి కలరా పట్టుకుంది. ఆయన పోలీసు కానిస్టేబులు, పదకొండు రోజులకి పోయాడు. ఆ పదకొండు రోజులూ ఆయన నీళ్లూ అదే గోతిలోకి పోయాయి. పంపు చెయ్యి ఉండుంటే? ఆ పేటలో మిగిలినవాళ్లలో ఎవరెవరు బతికిపోయారో వాళ్లకే తెలీదు. నిన్న ఆ పంపు దగ్గర నిలబడితే నాకు నువ్వే గుర్తొచ్చావు.

మిగతాది త్వరగా చెప్పేస్తా. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు పార్లమెంటులోకే వచ్చింది, కిటికీ పరదాలు క్లోరైడ్ ఆఫ్ లైమ్‌లో ముంచి కట్టుకున్నారు, అదేంటో నీకు తెలుసు, నువ్వు కాలవల పక్కన చల్లించే బ్లీచింగ్ పౌడరే. ఏళ్ల తరబడి తేలని బిల్లు 18 రోజుల్లో పాసైంది, బజల్‌గెట్ అనే ఇంజనీరు నగరం కింద కట్టిన ఆ కాలవలు ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి. 1866లో తూర్పు లండన్‌లో మళ్లీ కలరా వచ్చింది, ఆ పేటకి కొత్త కాలవలు ఇంకా అందలేదు, కంపెనీ మూత లేని చెరువు నీళ్లు వదిలింది. ఆ ఏడాది వచ్చిన శానిటరీ యాక్ట్‌లో "చెయ్యాలి" అని పడింది, ఊరు చెయ్యకపోతే పై సర్కారు చేయించి ఖర్చు ఆ ఊరి దగ్గరే వసూలు చేస్తుంది. 1875 చట్టం, మొత్తం 343 సెక్షన్లు, అన్నిటినీ ఒకచోట చేర్చింది. పట్టణం అన్నాక హెల్త్ ఆఫీసరూ న్యూసెన్స్ ఇన్‌స్పెక్టరూ ఉండి తీరాలి, 189వ సెక్షన్. తన పరిధిలో న్యూసెన్స్ ఎక్కడుందో తిరిగి చూడటం ఊరి అధికారుల డ్యూటీ, 92వ సెక్షన్. ఎవరో వచ్చి కంప్లయింట్ ఇచ్చేదాకా కూర్చోవడం కాదు, తిరిగి చూడటమే డ్యూటీ అని రాశారు, ఆ ముక్క నాకు ఎంత నచ్చిందో.

మన దగ్గర కూడా 1860 పీనల్ కోడ్‌లోనే పబ్లిక్ న్యూసెన్స్ 268, జనం వాడే నీళ్లు పాడుచేస్తే 277. మొన్న 2024 జులైలో కొత్త చట్టం వచ్చేదాకా ఆ నంబర్లే నడిచాయి. మన కోస్తా ఊళ్లకి 1884లో మద్రాసు వాళ్లు మున్సిపాలిటీల చట్టం తెచ్చారు. నీ కుర్చీ వెనకాల ఇంత ఉందిరా.

ఒక పని చెయ్యి. ఆ గొట్టం కలిపిన చోటికీ ఆ వీధి బోరింగుకీ మధ్య దూరం ఎంతో టేపు పెట్టి కొలు, మేస్త్రీని పక్కన సాక్షిగా పెట్టుకో, అడుగులూ అంగుళాలూ రెండో నోటీసులో రాయి. ఫోన్ చేయించినాయన మళ్లీ చేయిస్తే ఆ అంకె చదివి వినిపించు. కొలిచాక నాకూ వాట్సాప్‌లో పెట్టు, రాత్రి ఎంతసేపైనా మేలుకునే ఉంటా.

నీ
చిన్నా