జిల్లా మలేరియా అధికారి గారికి బహిరంగ లేఖ: బోదకాలు పురుగులోని బ్యాక్టీరియా సంగతీ చూడండి

అయ్యా,

మీ సిబ్బంది ఇంటికొచ్చి బోదకాలు రాకుండా డీఈసీ, ఆల్బెండజోల్ అనే పురుగుల మాత్రలు ఎదురుగా నిలబడి మింగిస్తున్నారు, సంతోషం. అయితే వాటి దెబ్బ ఎక్కువగా నెత్తుట్లో తిరిగే పిల్ల పురుగులకే. లింఫు నాళాల్లో (ఒంట్లో లింఫు అనే ద్రవం పారే సన్నటి గొట్టాల్లో) కాపురం పెట్టిన పెద్ద పురుగులు చాలావరకు మిగిలిపోయి ఏళ్ల తరబడి బతుకుతాయి.

ఆ పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది లేనిదే పురుగు పిల్లల్ని పెట్టలేదు. మనకు తెలిసిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే ఆ బ్యాక్టీరియా పోతుంది, ఆడ పురుగు గొడ్డుబోతుంది, తర్వాత మెల్లగా చస్తుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు కాబట్టి ఊరంతా పంచమనను. రాత్రి రక్తపరీక్షలో పురుగు తేలినవాళ్లకైనా డాక్టరు చూసి ఇచ్చే ఏర్పాటు చేయండి.

బోదకాలు ఉన్న మా అమ్మకు కాలివేళ్ల సందున చిన్న పుండు పడితే చాలు, గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం. ఆవిడ వాపును ఈ మందు తీసేస్తుందని కాదు, పురుగు ఉన్నవాళ్ల నుంచి దోమల ద్వారా పక్కింటి పిల్లలకు అంటకూడదని అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక రోగి కొడుకు