మొదటి అంచు ఎక్కడి నుంచి వస్తుంది?

సంపాదకులకు,

మీ పత్రిక చిన్న పరిశ్రమల పేజీలో చెక్కపని యంత్రాల మీద వచ్చిన వ్యాసం చదివాను. స్లైడింగ్ టేబుల్ సా కొన్నవాడు ముందడుగు వేసినట్టు, కేబినెట్ సా దగ్గరే ఉన్నవాడు వెనకబడ్డట్టు రాశారు. రెండూ టేబుల్ సాలే, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చే కోత యంత్రాలు. ఈ రెండూ చిన్నదీ పెద్దదీ అనుకోదగ్గ యంత్రాలు కావు. కోత తిన్నగా రావడానికి ఒక్కోదానిలో ఒక్కో కారణం ఉంది. అది తెలుసుకోకుండా అప్పుచేసి యంత్రం దించుకోబోయేవాళ్ల కోసం నాలుగు మాటలు.

కేబినెట్ సాలో బల్ల కదలదు. చెక్క అంచును ఫెన్స్‌కు, అంటే బ్లేడుకు సమాంతరంగా బిగించే తిన్నటి ఆనుడు పట్టీకి, ఆనించి తోస్తాం. ఆనిన అంచు ఎలా ఉంటే కోసిన అంచూ అలాగే వస్తుంది. ఆ అంచు ఉబ్బెత్తుగా ఉంటే చెక్క ఫెన్స్ మీద ఊగులాడి, బ్లేడు వెనక పళ్లకు తగిలి ఎదురు తన్నుతుంది. స్లైడింగ్ సాలో చెక్క బల్లకు బిగించి ఉంటుంది, బల్లే పట్టా మీద నడుస్తుంది. తిన్నదనం పట్టాది, చెక్క అంచుతో పనిలేదు. బెరడుతో వచ్చిన పలకనైనా బిగించి ఒక్కసారి తోస్తే ఒక పక్క తిన్నటి అంచు తయారవుతుంది. 1906లో జర్మనీలో విల్‌హెల్మ్ ఆల్టెండార్ఫ్ మొదలుపెట్టిన పద్ధతి ఇదే. ఇప్పటికీ కొన్ని దేశాల పనివాళ్లు ఎవరి తయారీ అయినా ఈ యంత్రాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

అందుకని ముందు అడగాల్సింది మోటారు శక్తి గురించి కాదు. నా పనిలో మొదటి తిన్నటి అంచు ఎక్కడి నుంచి వస్తోంది? అసలు కలపతో కుర్చీలు, బల్లలు, తలుపు చట్రాలు చేసేవాళ్ల దగ్గర చిత్రిక పట్టే జాయింటర్ ఎలాగూ ఉంటుంది. మొదటి అంచు అదే ఇస్తుంది కాబట్టి వాళ్లకు కేబినెట్ సా చాలు. ఒక్కోసారి అదే మెరుగు కూడా. రోజంతా ప్లైవుడ్, చెక్క పీచు అదిమి చేసే ఎండీఎఫ్, లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డు కోసి వార్డ్‌రోబ్‌లు, వంటగది అరలు చేసేవాళ్ల సంగతి వేరు.

18 మి.మీ. ఎండీఎఫ్ పూర్తి షీటు, అంటే 2440 × 1220, దాదాపు 40 కిలోలు తూగుతుంది. కేబినెట్ సా బల్ల లోతు సుమారు 685 మి.మీ. అందులో బ్లేడుకు ముందు దొరికే జాగా అడుగు చిల్లరే. షీటులో ఎక్కువ భాగం గాల్లో వేలాడుతుండగా, దాన్ని మోస్తూ, తోస్తూ, ఫెన్స్ నుంచి ఎడం రాకుండా అదిమి పట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. రెండో మనిషి అవతలి నుంచి కొంచెం లాగినా కోత చెడిపోతుంది. అవతల నిలబడేవాడు షీటును మోయాలే తప్ప లాగకూడదు.

దీనికి మీ వ్యాసం ప్రస్తావించని మూడో దారి ఉంది: ట్రాక్ సా, అంటే షీటు మీద పరిచిన పట్టా వెంట నడిపే చేతి రంపం. షీటును ఫోమ్ పలక మీద పరిచి, ట్రాక్ సాతో అన్నివైపులా 5 నుంచి 10 మి.మీ. ఎక్కువ ఉంచి ముక్కలు చేసుకుని, చివరి కొలతకు మాత్రం కేబినెట్ సా మీదికి తేవచ్చు. యంత్రం వెనకపక్క, సా బల్లకన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఒక ఆసరా బల్ల ఉండాలి. ఎత్తు ఎక్కువైతే చెక్క దాని అంచుకు తట్టుకుని ఆగుతుంది, సరిగ్గా కోత మధ్యలో. రోజుకు నాలుగైదు షీట్లకు మించి కోయని షాపుకు ఈ జత హాయిగా సరిపోతుంది. ఆ లెక్క దాటితే మాత్రం ప్రతి ముక్కనూ రెండుసార్లు కోయడంలోనే పూట గడిచిపోతుంది.

స్లైడింగ్ సా కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది జాగా దగ్గర. 3200 మి.మీ. బల్ల బ్లేడుకు ముందూ వెనకా పూర్తిగా నడవాలంటే పొడవున ఏడు మీటర్లు ఖాళీ ఉండాలి. అడ్డంగా చూస్తే ఎడమన అడ్డకోతకు చెక్కను ఆనించే క్రాస్‌కట్ ఫెన్స్ మోసే చట్రం, కుడిన 1300 మి.మీ. దాకా చీల్పు కోతకు ఆనించే రిప్ ఫెన్స్ ఉంటాయి. షీటు తిప్పుకునే చోటు దీనికి అదనం. జాగా లేదని 1600 మి.మీ. బల్ల ఉన్న యంత్రం తెస్తారు. షీటును అడ్డంగా 1220 కోయడానికి అది పనికొస్తుంది కానీ, 2440 పొడవు అంచును ఒక్క తోపులో తీయలేదు. చివరికి షీటు ఫ్యాక్టరీ అంచునే నమ్మి ఫెన్స్‌కు ఆనించాల్సి వస్తుంది. దేనికోసం ఆ యంత్రం కొన్నారో అదే పోయిందన్నమాట. షీట్లు కోయడానికి 2600కు తక్కువ బల్ల కొనవద్దని నా గట్టి సలహా. అంత చోటు లేకపోతే కేబినెట్ సా, ట్రాక్ సా జతే నయం.

కేబినెట్ సాకు పక్కన తగిలించే స్లైడింగ్ బల్లలు కూడా దొరుకుతాయి. అవి బ్లేడుకు దూరంగా నడుస్తాయి, మధ్యలో ఇనప బల్ల కదలకుండా ఉంటుంది. చెక్క సగం కదిలే బల్ల మీద, సగం ఇనుము మీద రాసుకుంటూ పోతుంది. చిన్న అడ్డకోతలకు పరవాలేదు గానీ అసలైన స్లైడింగ్ సాకు అది బదులు కాదు.

స్లైడింగ్ సాకు డబ్బు పెట్టడానికి రెండో పెద్ద కారణం స్కోరింగ్ బ్లేడు. టేబుల్ సాలో పళ్లు పైనుంచి దిగి చెక్క అడుగుముఖం గుండా బయటికి వస్తాయి, అందుకే లామినేట్ అడుగున పెచ్చులు లేస్తాయి. పెద్ద బ్లేడుకు ముందు 120 మి.మీ. వ్యాసమున్న చిన్న బ్లేడు ఎదురుదిశలో తిరుగుతూ అడుగున మిల్లీమీటరున్నర, రెండు మిల్లీమీటర్ల లోతు గాడి ముందే తీస్తుంది. పెద్ద బ్లేడు పళ్లు ఆ గాడిలోంచి బయటికి వస్తాయి, లామినేట్‌ను తాకవు. ఇది పనిచేయాలంటే గాడి వెడల్పు పెద్ద బ్లేడు కోతకన్నా 0.1 నుంచి 0.2 మి.మీ. ఎక్కువ ఉండి, రెండు పక్కలా సమంగా పంచుకోవాలి. ఒక అంచు మీద చిన్న మెట్టు, రెండో అంచు మీద పెచ్చులు కనిపిస్తే స్కోరింగ్ బ్లేడు పక్కకు జరిగిందని అర్థం. రెండు అంచుల మీదా మెట్టు ఉంటే గాడి వెడల్పు ఎక్కువైంది. రెండు అంచులూ పెచ్చులే అయితే వెడల్పో, లోతో చాలలేదు. పెద్ద బ్లేడు సానకు వెళ్లివచ్చిన ప్రతిసారీ దాని కోత సన్నబడుతుంది, కాబట్టి స్కోరింగ్ మళ్లీ సరిచేయాల్సిందే. రెండు పలకల స్కోరింగ్ బ్లేడైతే మధ్య పలుచటి రేకులు తీస్తారు. కోనుగా ఉన్న పళ్లదైతే కొద్దిగా దించితే చాలు, గాడి సన్నబడుతుంది. చాలా షాపుల్లో ఇది చేయక, తప్పంతా బోర్డు మీదికి తోసేస్తారు.

స్కోరింగ్ లేని కేబినెట్ సా మీద లామినేట్ కోయలేమని కాదు. బ్లేడుకు సందులేని ఇన్సర్ట్, అంటే బ్లేడు చుట్టూ బల్లలో కూర్చునే పలక, వేయాలి. ట్రిపుల్ చిప్ పళ్లు (ఒకటి విడిచి ఒకటి మూలలు చెక్కినవి) 80 ఉన్న 10 అంగుళాల బ్లేడు ఎక్కించి, ముందు 2 మి.మీ. లోతుకు ఒకసారి, తర్వాత పూర్తి లోతుకు మరోసారి కోయాలి. మొదటి కోతకూ రెండో కోతకూ మధ్య ఫెన్స్‌ను ముట్టుకోకూడదు. బ్లేడు ఎత్తు పెంచే కొద్దీ పైముఖం శుభ్రంగా వచ్చి అడుగుముఖం పాడవుతుంది, తగ్గిస్తే అడుగు బాగుపడుతుంది. వంద ముక్కలకు ఇలా చేయలేం, పదింటికి చేయవచ్చు.

అసలు కలప దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. నారవెంట పొడవాటి చీల్పు కోతలకు 24 పళ్ల బ్లేడు, మూడు హార్స్‌పవర్ మోటారు, మంచి ఫెన్స్ ఉన్న కేబినెట్ సా ముందు మనిషి ఇబ్బంది లేకుండా నిలబడగలడు. అదే పని స్లైడింగ్ సా ఫెన్స్ మీద చేస్తే కదిలే బల్ల అడ్డొస్తుంది, దాని మీదుగా వంగి తోయాలి. సన్నటి పట్టీలు తీసేటప్పుడు ఈ వంగడమే ప్రమాదం. కలప చీల్చేటప్పుడు స్లైడింగ్ సా రిప్ ఫెన్స్ కొసను బ్లేడు మధ్యభాగం దాకా వెనక్కి లాగి పెట్టాలన్నది చాలామందికి తెలియదు. ఫెన్స్ బ్లేడు దాటి ఉంటే, లోపలి బిగువు వదిలి విచ్చుకునే కలప ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య ఇరుక్కుంటుంది. ఇక వెడల్పు గాడులు తీసే డాడో బ్లేడ్ల జత చాలా కేబినెట్ సాల ఇరుసు మీద పడుతుంది, చాలా స్లైడింగ్ సాల మీద పట్టదు. అరల పెట్టెలు గాడులతో చేసేవాళ్లు ఈ ఒక్కటి చూసుకోకుండా కొని తర్వాత గాడులు తీసే చేతి యంత్రం రౌటర్‌తో తంటాలు పడతారు.

మీ వ్యాసంలో భద్రత గురించి రాసిన వాక్యం మాత్రం సరిదిద్దాలి. స్లైడింగ్ సా వాడితే వేళ్లకు భయం లేదన్నారు. షీటు కోసేటప్పుడు మనిషి బ్లేడు వరసలో కాక ఎడమ పక్కన నిలబడతాడు కాబట్టి ఎదురుతన్ను తగిలే అవకాశం తక్కువ, అంతవరకు నిజం. కానీ రెండు యంత్రాల్లోనూ రైవింగ్ నైఫ్, అంటే కోసిన సందు మూసుకుపోకుండా బ్లేడు వెనక నిలిచే ఇనప రేకు, ఉండి తీరాలి. అది బ్లేడు వెనక 3 నుంచి 8 మి.మీ. దూరంలో, బ్లేడు పలక కన్నా మందంగా, కోత వెడల్పు కన్నా పలుచగా ఉండాలి. కోత వెడల్పు 3.2, పలక మందం 2.2 మి.మీ. అయితే 2.8 మి.మీ. నైఫ్ సరిపోతుంది. చర్మం తాకగానే 5 మిల్లీసెకన్ల లోపు బ్లేడును ఆపే సాస్టాప్ తరహా కేబినెట్ సాలు వచ్చాయి. బ్రేకు ఒకసారి పడితే దాని కాట్రిడ్జ్ (బ్రేకు ఉండే చిన్న పెట్టె), సాధారణంగా బ్లేడు కూడా పోతాయి. బాగా పచ్చిగా ఉన్న కలపకు కూడా ఆ బ్రేకు పడవచ్చు. అడ్డకోతలో చెక్కను తోసే క్రాస్‌కట్ గేజ్‌నూ రిప్ ఫెన్స్‌నూ ఒకేసారి ఆసరా చేసుకోవడం ఏ యంత్రం మీదైనా తప్పే. తెగిన ముక్క మధ్యలో చిక్కుకుని తిరిగి దూసుకొస్తుంది. కొలత ఆనించాలంటే బ్లేడుకు ముందే ముగిసే దిమ్మెను ఫెన్స్‌కు బిగించాలి.

మూడు ఫేజుల కరెంటు, దుమ్ము లాగే గొట్టాలు కూడా ఖర్చులో వేసుకోవాలి. స్లైడింగ్ సాకు మామూలుగా కింద 120, పైన 80 మి.మీ. గొట్టాలు ఉంటాయి. వాటిలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో పోవాలంటే గంటకు సుమారు 1200 ఘనపు మీటర్లు లాగే యంత్రం కావాలి.

పాత యంత్రం కొనేవాళ్లు రంగు చూడకుండా, ఒక ఎండీఎఫ్ ముక్కతో అయిదు కోతల పరీక్ష చేయాలి. 500 మి.మీ. చదరపు ముక్కను క్రాస్‌కట్ ఫెన్స్‌కు ఆనించి, ఒక్కో కోతకు ఒక్కో మలుపు తిప్పుతూ నాలుగు పక్కలా కోసి, అయిదోసారి 25 మి.మీ. పట్టీ తీయాలి. పట్టీ రెండు కొసల వెడల్పుల తేడాను నాలుగుతో భాగిస్తే మూలమట్టం ఎంత తప్పుతోందో వస్తుంది. ఒక కొస 25.4, మరొకటి 25.0 ఉంటే 500 మి.మీ.కు తప్పు 0.1 అన్నమాట. అది ఫెన్స్ సర్దితే పోతుంది. ఆ తర్వాత కోసిన అంచు మీద పళ్ల గీతలు చూడాలి. గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా ఖండించుకుంటూ ఉంటే వెనక పళ్లు మళ్లీ తగులుతున్నాయి. స్లైడింగ్ సాలో కదిలే బల్ల బ్లేడు వెనక అంచు దగ్గర 0.05 నుంచి 0.1 మి.మీ. ఎడంగా నడిచేలా సర్దాలి. కేబినెట్ సాలో బ్లేడు యంత్రాంగం కింది పెట్టెకు బిగించి ఉంటుంది కాబట్టి, బల్ల బోల్టులు వదులు చేసి చెక్క సుత్తితో బల్లను తడితే సరిపోతుంది. చివరగా, కదిలే బల్లను కొస దాకా లాగి, ఆ కొసను చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి. తెలిసేంత ఊగిసలాట ఉంటే అది మర సర్దితే పోవచ్చు, అరిగిన పట్టాదైతే పోదు. అమ్మేవాడిని మీ ఎదుటే సర్ది చూపమనండి.

ఇట్లు,
ఒక ఫర్నిచర్ తయారీదారు